ఆఫియా అన్న మాట

రంజాన్ నెల చివరికొచ్చేసరికి సందులోని రొట్టెల బట్టీ దగ్గర కాలు పెట్టే చోటుండదు. మామూలు రోజుల్లో ఇంటింటి నుంచీ పిండి ముద్దలు వచ్చి, కాలి, వచ్చిన గుడ్డలోనే చుట్టుకుని తిరిగి వెళ్ళిపోతాయి. పండగ ముందు మాత్రం ట్రేలకు ట్రేలు దిగుతాయి. బాదం బిస్కెట్లు, నువ్వుల బిస్కెట్లు, నారింజపూల నీళ్ళు కలిపిన నెలవంకలు. ఆ నాలుగు రోజులూ, అరబ్బు నేల పడమటి కొసనున్న తెత్వాన్ పాతబస్తీలో గోడలు కూడా తియ్యటి వాసన వేస్తాయంటారు. ఉపవాసం ఉన్నవాళ్ళకు ఆ వాసన ఒక పరీక్ష.

మెన్నానా వీధి వైపు బల్ల దగ్గర నిలబడి ట్రేలు అందుకునేది. లోపల ఆమె బావగారు ఆయాద్ పొడుగాటి చెక్క తెడ్డుతో వాటిని మంటలోకి తోస్తూ, వెనక్కి లాగుతూ ఉండేవాడు. ఒకప్పుడు ఆ తెడ్డు మెన్నానా భర్త మేమూన్ చేతిలో ఉండేది. రెండు చలికాలాల కిందట, తడిసిన కట్టెలు రాజుకోవడం లేదని అతను వంగి లోపలికి తొంగిచూస్తుంటే మంట ఒక్కసారిగా ఎదురు తన్నింది. ఆసుపత్రిలో కొన్నాళ్ళు మూలిగి పోయాడు. అప్పటినుంచీ మెన్నానా బట్టీ నోటి వైపు చూడదు. వీపు అటు, మొహం వీధి వైపు పెట్టుకుని పని చేసుకుంటుంది.

ఆ ఊళ్ళో నిప్పును నిప్పు అనరు. నరకానికీ అదే పేరు కాబట్టి, పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందేమోనన్న భయంతో పూర్వం పెద్దవాళ్ళెవరో దాన్ని ఆఫియా అన్నారు. ఆఫియా అంటే అసలు అర్థం క్షేమం, ఒంట్లో సత్తువ. మనవైపు చీకటి పడ్డాక పామును పురుగు అన్నట్టే ఇదీను. తరాలు గడిచేసరికి ఆ భయం పోయి పేరు మిగిలింది. ఇప్పుడక్కడ పాలుతాగే పిల్లలకు సైతం ఆఫియా అంటే మంటే. తూర్పున, సిరియా వైపు, ఆ మాట పాత అర్థంతోనే ఉండిపోయింది.

ఆ సిరియా నుంచే వచ్చింది రుదైనా. హోమ్స్‌లో ఇల్లు కూలిపోతే తండ్రిని వెంటబెట్టుకుని, ఎన్ని దేశాలు దాటిందో, చివరికి ఈ సందులో షామా ఇంటి పైగదిలో అద్దెకు దిగింది. ఖర్జూరం గుజ్జు పెట్టి చెక్క అచ్చుల్లో నొక్కి బిస్కెట్లు చేసేది. వాటి పేరు మామూల్. మనం రోజూ అనే మామూలు అన్న మాటా, ఆ మిఠాయి పేరూ ఒక్క కడుపున పుట్టినవే. మనకది రోజువారీ సంగతి, కాకపోతే పోలీసు గుప్పిట్లో పెట్టే నోటు. వాళ్ళకు పండగ. నోట్లో వేసుకుంటే ఇసకలా విరిగి వెన్నలా కరిగేవి. ఆ ఏడాది సందులో సగం ఇళ్ళు పండక్కి వాటినే చేయించుకున్నాయి.

అదివరకు ఏటా ఆ ఇళ్ళకు పండగ బిస్కెట్లు చేసి ఇచ్చింది మెన్నానా.

ఈ సంగతి ఎవరూ ఆమె ముందు ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. రుదైనా ట్రేలు వస్తే అందరివీ అందుకున్నట్టే అందుకునేది. కాకపోతే కొంచెం గట్టిగా బల్ల మీద పెట్టేది.

ఆ రోజు మధ్యాహ్నం గుంపు మధ్యలోంచి రుదైనా రెండు చేతుల మీద ట్రే మోసుకుంటూ వచ్చింది. అప్పటికే వేడికి, ఆకలికి మెన్నానా తల తిరుగుతోంది. షామా బల్లకు ఆనుకుని నిలబడి, "ఒసే మెన్నానా, నా ట్రే ముందు తోయించవే, ఇంట్లో కోడలు సూపు మాడబెడుతోంది" అని ఒకటే గొడవ.

"లైనులో నుంచో షామా. నీ కోడలు మాడబెట్టడం ఈ రోజు కొత్తేం కాదుగా" అంది మెన్నానా. ఆడవాళ్ళందరూ నవ్వారు.

రుదైనా కూడా నవ్వుతూ ట్రే అందించింది. మెన్నానా మొహం మీద కారుతున్న చెమట చూసి జాలిపడింది కాబోలు. కష్టపడుతున్న మనిషి కనిపిస్తే వాళ్ళ ఊళ్ళో పసిపిల్లలు కూడా అనే మాట ఆమె నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"మస్తు కష్టపడుతున్నవ్ పిన్నీ. అల్లా నీకు ఆఫియా ఇయ్యాలె."

బల్ల దగ్గర నవ్వు టక్కున ఆగింది. షామా నోటి మీద చెయ్యి వేసుకుంది. వెనకాల ఎవరో "అయ్యో దేవుడా" అన్నారు. మెన్నానా చేతిలో ట్రే ఉంది. వీపు వెనక బట్టీ చిటపటలాడుతోంది.

"ఏవన్నావే?"

రుదైనా నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. "ఏమన్న పిన్నీ? అల్లా నీకు ఆఫియా..."

మెన్నానా ట్రే ఎత్తి రాళ్ళ మీదికి విసిరికొట్టింది. అచ్చుపోసిన పువ్వుల్లాంటి పిండి ముద్దలు రుదైనా కాళ్ళ చుట్టూ చెదిరి చితికిపోయాయి.

"నా మొగుణ్ణి మింగింది చాల్లేదా? నన్ను కూడా కాలమంటావా? మీ ఊరు తగలబెట్టుకుని ఆ బూడిద నెత్తిన పెట్టుకుని వచ్చి మా సందులో దులుపుతావా? ఫో! ఈ బట్టీ గడప తొక్కావంటే మర్యాదగా ఉండదు!"

రుదైనా మొహంలో రక్తం లేదు. ఏ మాటకు ఇదంతా జరిగిందో ఆమెకు అంతుపట్టలేదు. ఒంగి పిండి ముద్దలు ఏరడం మొదలుపెట్టింది. తర్వాత ఏమనుకుందో, ఏరినవి మళ్ళీ అక్కడే వదిలేసి, ఖాళీ ట్రే గుండెలకు హత్తుకుని వెళ్ళిపోయింది.

ఆడవాళ్ళు మెన్నానా చుట్టూ మూగారు. ఒకామె భుజం నిమిరింది. ఇంకొకామె కొంగుతో విసిరింది. "పాపిష్టిది, అన్నం పెట్టిన సందునే శపిస్తుందా" అంది షామా. మెన్నానా బల్ల అంచు పట్టుకుని తల ఎత్తలేదు. కోపం వల్ల అనుకున్నారందరూ.

కోపం కాదు. ఆమెకు టీవీ గుర్తొచ్చింది.

మేమూన్ బతికున్న రోజుల్లో మెన్నానా మధ్యాహ్నం పూట ఆయాద్ ఇంటికి వెళ్ళి అతని భార్య గన్నూతో కలిసి సీరియల్ చూసేది. టర్కీ సీరియల్, మాటలు మాత్రం సిరియా యాసలో. అందులో ఒక పెద్దింటి కోడలు తోటమాలి ఎదురైనప్పుడల్లా ఈ మాటే అనేది. మొదటిసారి విన్నప్పుడు గన్నూ, "ఓసి దీని దుంపతెగ, పాపం ముసలోణ్ణి మంటల్లో పడి చావమంటోందేమిటే!" అంది. ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. గన్నూ కూతురు వంటింట్లోంచి వచ్చి, "అది తిట్టు కాదమ్మా. అక్కడ ఆఫియా అంటే ఆరోగ్యం. చల్లగా ఉండు అని" అని చెప్పింది. అప్పట్నుంచీ అదొక సరదా అయింది తోడికోడళ్ళకు. ఒకరు టీ గ్లాసు అందిస్తే రెండోవాళ్ళు గొంతు సాగదీసి, ఆ కోడలి యాసలో, అల్లా నీకు ఆఫియా ఇవ్వాలి అనేవాళ్ళు. మేమూన్ పోయాక సీరియళ్ళు లేవు, ఆ సరదా లేదు. కానీ మాట ఎక్కడికి పోతుంది?

ట్రే చేతిలోంచి వెళ్ళిపోయాక గుర్తొచ్చింది, ముందు గుర్తుకొచ్చుంటే అలా చేసేదాన్నా, అని ఆ సాయంత్రం తనకు తాను చెప్పుకుంది మెన్నానా.

అప్పుడైనా ఒక్క ముక్క చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఉపవాసం విడిచే వేళకు ఇంటింటి నుంచీ గిన్నెలు వచ్చాయి. సూపు, ఖర్జూరాలు, తేనె పాకంలో ముంచిన జంతికలు. మేమూన్ పోయినప్పుడు వచ్చినట్టే వచ్చాయి. ఈ మధ్య ఆమె సంగతి అందరూ మర్చిపోయారు. ఇప్పుడు మళ్ళీ అందరికీ గుర్తొచ్చింది. వాళ్ళు జాలిగా చూస్తుంటే మనసుకు హాయిగా ఉంది. ఆ హాయి తలుచుకుంటేనే ఒళ్ళు జలదరించేది. అయినా మర్నాడు మళ్ళీ బట్టీ దగ్గర ఎవరైనా కదిపితే, "నా ఖర్మ, ఏం చేస్తాం" అని కళ్ళు తుడుచుకునేది.

నోటికీ నోటికీ మధ్య మాట పెరిగింది. సిరియా ఆవిడ చేతులెత్తి శపించిందన్నారు. మేమూన్ పేరు పెట్టి మరీ అందన్నారు. పండక్కి మామూల్ చెప్పిన వాళ్ళు ఒక్కొక్కరే వద్దన్నారు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు మెన్నానా దగ్గరికే వచ్చారు. "ఏటా చేసేదానివి, నీ చేతి రుచి వేరు" అన్నారు. మెన్నానా కాదనలేదు. బాదం పిండి కలుపుతుంటే చేతులు తనవి కానట్టు అనిపించింది.

పండగ రెండో రోజు మెన్నానా ఇంట్లో చుట్టాలు. గన్నూ, ఆయాద్, షామా, ఇంకా నలుగురైదుగురు. టీ తిరుగుతోంది. తలుపు దగ్గర అలికిడైతే చూశారు. రుదైనా నిలబడి ఉంది. ఉతికిన గౌను, కొత్త తలగుడ్డ. చేతిలో చిన్న పళ్ళెం, దాని మీద గుడ్డ.

"లోపలికి రావచ్చా పిన్నీ?" అంది.

ఆమె గడప లోపలికి ఒక్క అడుగు వేసి ఆగిపోయింది.

"ఆ మాటకు ఈడ ఏం అర్థమో నిన్ననే తెలిసింది. మందుల దుకాణం ఆయన చెప్పిండు. చెప్తుంటే నాకు కాళ్ళు చేతులు చల్లబడ్డయి. మా దిక్కు అది దీవెన పిన్నీ. సల్లగుండు, పాణం మంచిగుండాలె అని. బాబాయి మంటల పోయిన సంగతి నాకు తెల్వదు. తెల్వకపోయినా తప్పు తప్పే. నీ గాయంల నేనే కారం కొట్టిన. నన్ను మన్నించు."

చెప్పి తల దించుకుంది. గది అంతా మెన్నానా వైపు చూసింది.

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం మళ్ళీ రాదని మెన్నానాకు తెలుసు. నోరు కూడా తెరిచింది. ఎదురుగా షామా, ఆమె పక్కన గన్నూ. గన్నూ చేతిలో గ్లాసు, చూపు గ్లాసులోకి. మెన్నానా నోట వచ్చింది మాత్రం వేరే మాట.

"సరేలే అమ్మా. క్షమించాను. దేవుడు కూడా క్షమించాలి నిన్ను."

షామా ముక్కు చీదుకుని, "ఎంత పెద్ద మనసో చూడండి" అంది. రుదైనా పళ్ళెం కింద పెట్టి, వంగి మెన్నానా భుజం ముద్దుపెట్టుకుని వెళ్ళిపోయింది. పళ్ళెంలో ఉన్నవి మామూల్. ఆ రోజు చితికినవాటిలాంటివే. షామా ఒకటి తీసి తిని, "ఏమాటకామాటే, రుచి మాత్రం బ్రహ్మాండం" అంది.

మెన్నానా ముట్టుకోలేదు.

అందరూ వెళ్ళాక ఆయాద్ కాసేపు ఉండిపోయాడు. మితభాషి. బట్టీ దగ్గర మంటతో తప్ప మనుషులతో ఆయన మాట్లాడడని సందులో ఎగతాళి చేస్తారు. టోపీ చేతిలో తిప్పుతూ అన్నాడు.

"మెన్నానా, ఆ సీరియల్ మీరిద్దరూ చూసింది మా ఇంట్లోనే కదమ్మా."

మెన్నానా ఏరుతున్న టీ గ్లాసులు కింద పెట్టేసింది.

"అప్పుడే చెప్పాల్సింది నేను" అన్నాడు ఆయాద్. "తెడ్డు పట్టుకుని లోపల నిలబడి అంతా విన్నాను. మా తమ్ముడి భార్యను పదిమందిలో పలచన చెయ్యడం దేనికని ఊరుకున్నాను. గన్నూ కూడా అందుకే నోరెత్తలేదు. కానీ ఇందాక ఆ పిల్ల నీ భుజం ముద్దుపెట్టుకుంటుంటే చూళ్ళేకపోయాను."

"ఆ క్షణంలో గుర్తు రాలేదు బావగారూ. ఒట్టు" అంది మెన్నానా.

ఆయన టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఒట్టు మాత్రం గదిలో మిగిలిపోయింది. వేసింది అబద్ధపు ఒట్టు. మెన్నానా గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకుంది. ఆ రోజు చేతిలో ట్రే ఉండగానే చెవిలో గన్నూ నవ్వు వినపడింది. అది తిట్టు కాదు, దీవెన అని తెలుసు. తెలిసే, అందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే, ఇంతకంటే మంచి అదను దొరకదని తెలిసే విసిరింది. విసిరింది మేమూన్ కోసం కాదు. తన బిస్కెట్లు ఎవరూ అడగనందుకు. చచ్చిపోయిన మొగుణ్ణి దానికి అడ్డం పెట్టుకుంది. ఈ చివరి మాట దగ్గర ఆమెకు ఏడుపు కూడా రాలేదు.

మర్నాడు పొద్దున్నే షామా ఇంటి మెట్లెక్కింది. పైగది తలుపు సగం తీసి ఉంది. రుదైనా అచ్చులు కడిగి ఎండబెడుతోంది. మెన్నానాను చూసి కంగారుగా లేచి, "రా పిన్నీ, కూసో" అంటూ చాప పరిచింది. గది మూల పరుపు మీద ఆమె తండ్రి పడుకుని ఉన్నాడు. ఎముకల గూడు. ఊపిరి తీస్తుంటే ఈలలా వినపడుతోంది.

మెన్నానా కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేననుకుంది.

"నాకు తెలుసమ్మా" అంది.

"ఏంది పిన్నీ?"

"ఆ మాట మీ వైపు దీవెనని. టీవీలో విన్నాను. ఎప్పుడో తెలుసు. నువ్వన్నప్పుడు కూడా గుర్తుంది. ట్రే ఇంకా నా చేతిలోనే ఉంది."

రుదైనా చేతిలో తడి అచ్చు అలాగే ఉండిపోయింది. నీళ్ళు బొట్లు బొట్లుగా చాప మీద పడుతున్నాయి.

"మరి ఎందుకు?"

"అందరూ నీ దగ్గర చేయించుకుంటున్నారు. అంతే. ఇంకేం లేదు."

రుదైనా అచ్చు కింద పెట్టింది. తర్వాత గొంతు తగ్గించి, తండ్రికి వినపడకుండా, ఒక్కో మాటే తీసి పెట్టింది.

"నిన్న నీ ఇంట్ల అంతమంది ముంగట నిలబడ్డ. క్షమించిన అన్నవ్."

"అన్నాను."

"ఎట్ల అనబుద్ధయింది?"

మెన్నానా చాప మీది తడి మరకల వైపు చూసింది.

"తెల్వక కొట్టిందిలే అనుకున్న. తెల్వనోళ్ళ మీద కోపం ఉండదు కద. ఎట్లనో మర్చిపోదామనుకున్న. ఇప్పుడొచ్చి తెలుసని చెప్తివి. ఇగ ఈ కోపం నేనేడ పెట్టుకోవాలె? నీ మీద బరువు దిగింది. నా మీదికెక్కింది."

మూల నుంచి ముసలాయన కదిలాడు. "ఎవరు బిడ్డా?"

"బట్టీ కాడి పిన్ని నాయినా. నువ్వు పండుకో."

"బట్టీ కాడి పిన్నా?" ఆయన మోచేతి మీద లేవబోయి దగ్గాడు. దగ్గు ఆగాక, అలవాటైన మర్యాదతో, చెయ్యి గుండెల మీద పెట్టుకున్నాడు. "మా బిడ్డకు మస్తు ఆసరా అయితున్నవంట తల్లీ. అల్లా నీకు ఆఫియా ఇయ్యాలె. నీ చేతులకు ఆఫియా ఇయ్యాలె."

"నాయినా! ఈడ గట్ల అనద్దని చెప్పిన కద!" రుదైనా గొంతు కీచుమంది.

ముసలాయన బెదిరిపోయి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆ మాట ఎందుకు అనకూడదో ఆయనకు తెలియదు. జరిగిందేదీ కూతురు ఆయనకు చెప్పలేదని మెన్నానాకు అప్పుడు అర్థమైంది. ఆయన దృష్టిలో ఇంకా ఆ బట్టీ మంచి చోటే.

"అననీ అమ్మా. ఆయన్ని ఏమీ అనకు" అంది మెన్నానా. అంతకంటే ఆ గదిలో నిలబడలేకపోయింది. మెట్లు దిగింది. ఊళ్ళో ఎవరు మొహాన ఉమ్మినా ఇంత కాలేది కాదు. దీవెన వచ్చి తగిలిన చోట కాలుతోంది.

ఆ మధ్యాహ్నం బట్టీ దగ్గర ఆడవాళ్ళు గుమిగూడాక చెప్పింది. ఎత్తుగడలేమీ లేకుండా చెప్పింది. ఆ మాటకు అర్థం తనకు తెలుసని, కావాలనే విసిరానని, ఆ పిల్ల తప్పు గోరంత కూడా లేదని. లోపల తెడ్డు చప్పుడు ఆగింది. ఎవరైనా తిడతారని ఎదురుచూసింది. తిట్టలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి షామా విసుక్కుంది.

"ఇప్పుడివన్నీ తవ్వడం దేనికే? నీ మాట పట్టుకుని నేను ఆ పిల్లను ఇల్లు ఖాళీ చెయ్యమన్నాను. పండగ ముందు రోజు నీళ్ళ పంపు కట్టేశాను. మా మొహాలకు కూడా మసి పూద్దామనా?"

"పూసింది నేనే షామా. ముందు నీళ్ళు వదులు" అంది మెన్నానా.

షామా ఆ సాయంత్రమే పంపు వదిలింది. ఇల్లు ఖాళీ చెయ్యమన్న మాట మళ్ళీ ఎత్తలేదు. కానీ మెన్నానాతో మునుపటిలా ఎగతాళి ఆడటం మానేసింది. మరి కొందరు కూడా అంతే. తప్పు చేసినందుకు కాదు, చేసింది పైకి చెప్పి తమను కూడా అందులోకి లాగినందుకు. గిన్నెలు రావడం ఆగిపోయింది. మెన్నానాకు అది న్యాయంగానే తోచింది.

రుదైనా ఆ బట్టీకి రాలేదు. కోటగుమ్మం అవతల, ఎత్తు మీద ఉన్న ఇంకో బట్టీకి ట్రేలు మోసుకెళ్ళేది. పొద్దున్నే ఆమె బల్ల ముందు నుంచే నడిచిపోతుంటే మెన్నానా పిలవలేదు. పిలిచే హక్కు పోయిందని తెలుసు. మామూల్ కావాలని ఎవరైనా అడిగితే షామా ఇంటి పైగది చూపించేది. బిస్కెట్లు చెయ్యడం మాత్రం మానలేదు, తిండికి అవి కావాలి. వాటిని నోట్లో వేసుకుంటే ఎప్పుడూ ఏదో మాడిన రుచి తగిలేది.

చలికాలంలో ముసలాయన పోయాడు. శవం లేచినప్పుడు సందులో అందరూ వెళ్ళారు. మెన్నానా ఆడవాళ్ళ వెనక, గోడ పక్కన నిలబడింది. సంతాపం పాటించే మూడు రోజులూ పైగదికి రొట్టెలు బట్టీ నుంచే వెళ్ళాయి, ఎవరు పంపారో చెప్పకుండా. రుదైనాకు తెలియకుండా ఉంటుందా.

చలికాలపు వానలు ముదిరాక ఒక పొద్దున, మెట్ల వీధి అంతా పాచి పట్టి జారుతున్న రోజున, రుదైనా తలగుడ్డ తడుపుకుని బల్ల దగ్గర ఆగింది. ఎత్తు మీదికి ఆ వానలో ట్రేతో ఎక్కడం కుదరదు. లైనులో తన వంతు వచ్చేదాకా నిలబడింది. ట్రే బల్ల మీద పెట్టింది. నవ్వలేదు, పిన్నీ అనలేదు.

"ఇవి ఎక్కువ ఎర్రగా కావద్దు" అంది.

"కానివ్వను" అంది మెన్నానా.

రుదైనా అవతలి గోడ చూరు కిందికెళ్ళి నిలబడింది. మెన్నానా ట్రే తీసుకుని వెనక్కి తిరిగింది. ఆయాద్ తెడ్డు చాచాడు. ఆమె ట్రే దాని మీద పెట్టి, పక్కకు తప్పుకోకుండా అక్కడే, బట్టీ నోటి ముందు, మొహం మీద సెగ కొడుతుంటే, అవి పొంగి లేత రంగు తిరిగేదాకా చూస్తూ నిలబడింది.